కోర్టులో విన్న మాట ఆర్డర్లో లేదు

50 ఏళ్లు దాటిన ఒక గృహిణి రాసిన పెద్ద ఉత్తరం ఇది. ఊరి పేరు, హైకోర్టు పేరు బయట పెట్టవద్దన్నారు కాబట్టి ఆ వివరాలు తీసేశాం.

తండ్రి పసుపు కుంకుమల కింద ఇద్దరు ఆడపిల్లలకూ కలిపి ఇచ్చిన పొలం రోడ్డు పక్కనే ఉంది. రోడ్డు వెడల్పు చేస్తామంటూ అధికారులు వచ్చి, పరిహారం ఊసెత్తకుండా హద్దురాళ్లు పాతి వెళ్లారు. అక్కచెల్లెళ్లిద్దరూ హైకోర్టులో రిట్ వేశారు. విచారణ రోజు కోర్టుకు వెళ్లలేకపోతే మేనల్లుడు ఫోన్లో లైవ్ పెట్టాడు. ఇంటిల్లిపాదీ చూశారు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం అన్నీ పూర్తయ్యేదాకా పొలం స్వాధీనం చేసుకోబోమని ఆర్డీవో చెప్పారంటూ ప్రభుత్వ న్యాయవాది అన్నారు. న్యాయమూర్తి "మంచిది" అని వాయిదా వేశారు. ఇంట్లో అందరి ప్రాణం కుదుటపడింది.

ఆర్డర్ కాపీ చేతికొచ్చాక చూస్తే అందులో రెండే ముక్కలు: ప్రభుత్వం కౌంటరు (రాతపూర్వక జవాబు) వేయడానికి గడువు, వాయిదా తేదీ. స్వాధీనం చేసుకోబోమన్న మాట ఎక్కడా లేదు. కొద్ది రోజులకే జేసీబీతో మనుషులు వచ్చారు. "మీ వకీలే కోర్టులో చెప్పారు కదా" అంటే "ఆర్డర్లో ఉంటే చూపించండి" అన్నారు. ఊళ్లోవాళ్లు అడ్డుపడటంతో ఆ రోజుకు వెనక్కి వెళ్లారు. ఇప్పుడు యూట్యూబ్‌లో ఆ లింకు తెరుచుకోవడం లేదు. మేనల్లుడు మాత్రం ఆ రోజు లైవ్‌ను ఫోన్లో రికార్డు చేసి పెట్టుకున్నాడు. ఇంటి గ్రూపులో పెట్టాడు, అక్కణ్ణుంచి అది ఊరి గ్రూపులోకి పోయింది. అదే విచారణలో ప్రభుత్వ న్యాయవాది చెల్లెలి విడాకుల గొడవ కూడా ఎత్తారు. ఆమె వాటా మీద భర్తతో తగాదా ఉందంటూ ఫ్యామిలీ కోర్టు కాగితాల్లోని ఆరోపణలు చదివారు. ఊరంతా వింది. చెల్లెలు ఇల్లు దాటి బయటికి రావడం లేదు.

"రికార్డింగు ఉందని ఎక్కడా అనకండి" అని జూనియర్ వకీలు అన్నారు. సీనియర్ గారు ఫోన్ ఎత్తడం లేదు. తెలిసిన విలేఖరి క్లిప్పు ఇవ్వమంటున్నాడు, ఇచ్చేద్దామంటున్నాడు తమ్ముడు. ఆవిడ చివర్లో ఇలా రాశారు: "స్వాధీనం చేసుకోబోమన్న మాట కోసం ఆ రికార్డింగు బయటికి రావాలి. చెల్లెలి మాట కోసం అది ఎవరికీ అందకూడదు. రెండూ ఒకేసారి ఎలా అడగను? అసలు ప్రపంచమంతా చూసిన దాన్ని మా కేసులో మేం ఇంకొకరిని అడుక్కోవాలా?"

అమ్మా, మీ ఉత్తరం చదివాక నాకు ముందుగా అనిపించింది చెబుతాను. మీ రెండు కోరికలకూ పొత్తు కుదరదని మీరు మథనపడుతున్నారు, కానీ కుదురుతుంది. ఒకటి, ఆ రోజు అన్న మాటను న్యాయమూర్తి ముందుకు తేవడం. రెండోది, చెల్లెలి విషయం జనం చెవిన పడకుండా చూడటం. కోర్టులో జరిగినదాన్ని మళ్లీ కోర్టుకే గుర్తుచేయడానికి ఊరందరికీ వినిపించాల్సిన పని లేదు. క్లిప్పును విలేఖరి చేతికిస్తేనే ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం తగులుతాయి.

జేసీబీ వచ్చి వెళ్లిందన్నారు కాబట్టి అన్నిటికంటే ముందు పొలం సంగతి. మీకు రక్షణ ఇచ్చేది రికార్డింగు కాదు, ఆర్డర్. కోర్టుకు ఇచ్చిన హామీని తెలిసి తెలిసీ తప్పితే అది కోర్టు ధిక్కారమని 1971 చట్టంలోనే ఉంది. కానీ ఆ హామీ కాగితం మీద లేకపోతే ధిక్కారం కేసు నిలబెట్టడం చాలా కష్టం. "మేం అలా అనలేదు", "అలా కాదు, ఇలా అన్నాం" అన్న వాదనలోనే నెలలు గడిచిపోతాయి. అందుకే ఆ మాటను ఆర్డర్లోకి ఎక్కించడం, లేదా దానికి బదులుగా స్టే తెచ్చుకోవడం మీ మొదటి పని కావాలి.

ఇందులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పిన మాట ఒకటి మీకు బాగా పనికొస్తుంది. 1982లో మహారాష్ట్ర ప్రభుత్వానికీ రాందాస్ శ్రీనివాస్ నాయక్‌కీ మధ్య నడిచిన కేసులో మన తెలుగువారే అయిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు తీర్పు రాశారు. కోర్టు హాల్లో ఏం జరిగిందన్న దానికి న్యాయమూర్తి తన తీర్పులో రాసిందే ప్రమాణం, పైకోర్టుకు వెళ్లి అఫిడవిట్లతో దాన్ని కాదనడానికి వీల్లేదు అన్నారు. తప్పు దొర్లిందని ఎవరికైనా అనిపిస్తే, న్యాయమూర్తికి అది ఇంకా జ్ఞాపకం ఉండగానే వెళ్లి ఆయనకే చెప్పాలన్నారు. మీ ఆర్డర్లో తప్పు రాయలేదు, ఒక మాట రాయకుండా వదిలేశారు. అయినా దారి మాత్రం అదే. వెళ్లాల్సింది అదే న్యాయమూర్తి దగ్గరికి, అదీ తొందరగా. రోజులు గడిచేకొద్దీ, వందలాది కేసులు వినే మనిషికి మీ కేసులో ఎవరేమన్నారో గుర్తుండదు. దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

ఇది కోర్టువాళ్లకు కొత్త పనేమీ కాదు. మీ వకీలు కేసును మెన్షన్ చేసి, అంటే న్యాయమూర్తి ముందు నోటిమాటగా ప్రస్తావించి, ఆ రోజు జీపీ గారు (ప్రభుత్వ న్యాయవాది) ఇన్‌స్ట్రక్షన్స్ మీద, అంటే అధికారులు చెప్పమన్న మేరకు, చెప్పిన మాటను రికార్డు చేయమని కోరవచ్చు. అడగడంతో ఆగకుండా ఒక ఐ.ఏ. (కేసు నడుస్తుండగా అందులోనే వేసే మధ్యంతర దరఖాస్తు) వేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది. అందులో జరిగింది జరిగినట్టు రాయాలి: ఆ తేదీన ఈ మాట చెప్పారు, ఆ తర్వాత ఫలానా రోజున ఫలానా వేళకు యంత్రంతో వచ్చారు, కాబట్టి స్వాధీనంపై స్టే కావాలి, లేదా యథాతథ స్థితి కొనసాగించాలి. కోర్టు తన దగ్గరున్న రికార్డింగును తనే చూసుకోవాలని కూడా అందులోనే కోరవచ్చు. మీరు ఫోన్ చూపించడానికీ, కోర్టును తన రికార్డు తననే చూసుకోమనడానికీ చాలా తేడా ఉంది.

దీనివల్ల ఏం జరగవచ్చు? జీపీ గారు "అవును, అన్నాను" అంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది. నిజం చెప్పాలంటే చాలామంది అలాగే ఒప్పుకుంటారు కూడా. లేదా "అలా అనలేదు, ప్రక్రియ మొదలైందని మాత్రమే చెప్పాను" అనవచ్చు. అప్పుడు న్యాయమూర్తి కొత్తగా ఇన్‌స్ట్రక్షన్స్ తెప్పించమంటారు, లేదా మీ స్టే పిటిషన్‌ను దాని బలాబలాల మీద వింటారు. ఈ రెండో దారిలో గెలిపించేది రికార్డింగు కాదు. జేసీబీ ఫోటోలు, వచ్చిన వాళ్లెవరో, అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) ఇవ్వలేదనడానికి ఆధారాలు, అడ్డుపడిన వాళ్ల సాక్ష్యం, ఇవి గెలిపిస్తాయి. అవన్నీ ఇవాళే పోగుచేయండి. మళ్లీ యంత్రం వస్తే వాయిదా దాకా ఆగనక్కర్లేదు. మీ వకీలు లంచ్ మోషన్ (అదే రోజు భోజన విరామం తర్వాత అత్యవసరంగా వినమనడం) అడగవచ్చు, సెలవురోజు అయితే హౌస్ మోషన్ (న్యాయమూర్తి ఇంటి దగ్గరే వినమనడం) ఉంది. అలాంటప్పుడు కావాల్సిన కాగితాలు ముందే సంతకాలు పెట్టి ఆఫీసులో సిద్ధంగా ఉంచుకోండి.

ఇంకో దారి కూడా ఉంది, చాలామందికి తట్టదు. జీపీ గారు కోర్టులో ఆ మాట అన్నారంటే, దాని వెనక రెవెన్యూ ఆఫీసు నుంచి పంపిన రాతపూర్వక ఇన్‌స్ట్రక్షన్స్ ఉండే అవకాశం ఎక్కువ. ఆ కాగితం దొరికితే మీకు వీడియోతో పనే లేదు. మీ వకీలు కోర్టులోనే దాని కాపీ అడగవచ్చు. ఆర్డీవో ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, మీ సర్వే నంబరు మీద సేకరణ ఎంతదాకా వచ్చింది, ఏ నోటిఫికేషన్ ఇచ్చారు, అవార్డు పాస్ అయిందా అని అడగండి. వకీలుకు రాసిన లేఖ ఇవ్వబోమని ససేమిరా అనవచ్చు, కానీ సేకరణ ఏ దశలో ఉందో 30 రోజుల్లో చెప్పి తీరాలి. ఆ జవాబే మీకు మంచి ఆధారం కావచ్చు.

ఇక రికార్డింగు సంగతి. లింకు ఎందుకు పోయిందని కంగారు పడకండి. కొన్ని హైకోర్టులు వీడియోలను ఉంచుతాయి, కొన్ని ప్రసారం అవగానే తీసేస్తాయి. జనానికి కనపడకపోయినంత మాత్రాన కోర్టు దగ్గర లేదనుకోకూడదు. సుప్రీంకోర్టు ఈ-కమిటీ 2021 జూన్‌లో హైకోర్టుల కోసం ఒక నమూనా నిబంధనల ముసాయిదా ఇచ్చింది. దాని ప్రకారం రికార్డింగులను కనీసం 6 నెలలు భద్రపరచాలి, బయట పెట్టని వాటి కాపీ కావాలంటే నిర్ణీత ఫారంలో అధికారికి దరఖాస్తు చేసుకోవాలి. అది నమూనా మాత్రమే సుమా. ఒక్కో హైకోర్టూ తన నిబంధనలు తను చేసుకుంది. మీ హైకోర్టు వెబ్‌సైటులో లైవ్ స్ట్రీమింగ్ నిబంధనలు ఉంటాయి, ముందుగా ఎన్నాళ్లు దాచుతారో, కాపీ ఎవరికిస్తారో అక్కడ చూడండి. ఆ గడువు దాటకముందే రిజిస్ట్రీకి (హైకోర్టు కార్యాలయానికి) రాతపూర్వకంగా ఒక దరఖాస్తు పెట్టించండి: ఫలానా నంబరు కేసు, ఫలానా తేదీ, ఫలానా కోర్టు హాలు రికార్డింగును చెరిపేయకుండా ఉంచండి, కాపీ ఇప్పించండి అని. దరఖాస్తు అందినట్టు ముద్ర వేయించుకుని ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. కాపీ ఇవ్వకపోయినా, భద్రపరచమని అడిగినట్టు కాగితం ఉండటమే మీకు ముఖ్యం. రేపు న్యాయమూర్తి చూడాలనుకుంటే చూడటానికి అది ఉండాలి కదా.

ఇస్తారా అంటే కచ్చితంగా చెప్పలేను. కేసులో పక్షం మీరే కాబట్టి బయటివాళ్లకంటే మీకు అడిగే అర్హత ఎక్కువ. అయినా కాదనవచ్చు, న్యాయమూర్తి అనుమతి తెచ్చుకోమనవచ్చు, ఇచ్చినా ఎవరికీ పంచకూడదన్న షరతు పెడతారు. చాలా కోర్టులు లైవ్ వీడియోను తమ అధికారిక రికార్డుగా లెక్కలోకి తీసుకోవు. అందుకే దీన్ని మెన్షన్‌కు తోడుగా చేయండి. దాన్ని ఆపి ఇదొక్కటీ పట్టుకుని కూర్చోవద్దు. సమాచార హక్కు కింద అడుగుదామని ఎవరైనా అంటే ఆ దారిన పోకండి. కోర్టు రికార్డులు కావాలంటే హైకోర్టు నిబంధనల ప్రకారమే అడగాలి తప్ప సమాచార హక్కు చట్టం కింద కాదని గుజరాత్ హైకోర్టు కేసులో సుప్రీంకోర్టు 2020 మార్చిలో తేల్చేసింది. రెవెన్యూ ఆఫీసుకు పనిచేసే ఆ దరఖాస్తు ఇక్కడ తిరుగుటపాలో వెనక్కి వస్తుంది, మీకు నెల రోజులు వృథా.

మేనల్లుడి ఫోన్లో ఉన్నదాని గురించి కటువుగానే చెప్పాలి. లైవ్‌ను ఎవరైనా చూడవచ్చు కానీ, అనుమతి లేకుండా రికార్డు చేయకూడదు, పంచకూడదు అని ఆ నమూనా నిబంధనల్లో స్పష్టంగా ఉంది. వీడియో మీద హక్కులు కోర్టువే. కాబట్టి మీ జూనియర్ వకీలు ఊరికే భయపెట్టడం లేదు. అలాగని "ఎక్కడా అనకండి" అన్న ఆయన సలహా కూడా నాకు పూర్తిగా నచ్చలేదు. ఊరి గ్రూపులో తిరిగిన వీడియో ఎదుటి పక్షం దాకా ఈపాటికి చేరే ఉంటుంది. వాళ్లే దాన్ని కోర్టు దృష్టికి తెస్తే మీరు దాచినట్టు అవుతుంది. సీనియర్ గారిని కలిసి, ఎలా రికార్డయింది, ఎవరు పంచారు, ఇప్పుడు ఎక్కడ ఉంది అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి. గ్రూపుల్లోంచి తీసేయమని ఇవాళే అందరికీ చెప్పించండి. అసలు ఫైలును ఏం చేయాలో ఆయన్నే నిర్ణయించనివ్వండి, మీ అంతట మీరు పిటిషన్‌కు జతచేయకండి. కుర్రాణ్ణి మాత్రం తిట్టకండి. వాడు అత్తల కోసం చేశాడు, నిబంధన తెలియక చేశాడు.

విలేఖరి విషయంలో మీ తమ్ముడి కోపం నాకు అర్థమవుతుంది. ఒక మాట అని, ఆ తర్వాత కాదన్నట్టు ప్రవర్తిస్తే ఎవరికైనా మండుతుంది. కానీ క్లిప్పు ఇస్తే ఏమవుతుందో ఆలోచించండి. ముందు నిబంధనల ఉల్లంఘన మీ మీద పడుతుంది. న్యాయమూర్తి ముందు మీరు సహాయం కోరి నిలబడే రోజున, ఎదుటి పక్షం మాట్లాడేది మీ పొలం గురించి కాదు, మీ వీడియో గురించి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎంత కత్తిరించి ఇచ్చినా చెల్లెలి పేరు ఆ కేసుతో పాటు ఇంకో వెయ్యిమందికి చేరుతుంది. అయితే విలేఖరికి అసలేమీ చెప్పకూడదని కాదు. కోర్టులో జరిగింది న్యాయంగా, ఉన్నదున్నట్టు రాస్తే అది ధిక్కారం కాదని 1971 చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. ఆ రోజు ఏ మాట వినిపించింది, ఆర్డర్లో ఏముంది, తర్వాత ఎవరు వచ్చారు, ఇవి మాటల్లో చెప్పవచ్చు, ఆర్డర్ కాపీ చూపించవచ్చు. వార్త వస్తే అధికారులు వెనక్కి తగ్గవచ్చు, లేదా పంతానికి పోవచ్చు. నన్నడిగితే, మెన్షన్ చేసి న్యాయమూర్తి ఏమన్నారో తెలిసేదాకా పత్రికల్ని పక్కన పెట్టమంటాను. తర్వాత మీ ఇష్టం.

చెల్లెలి గురించి. భార్యాభర్తల కేసులు లైవ్‌లో చూపకూడదని ఆ ముసాయిదాలోనే ఉంది. కక్షిదారుల, వాళ్ల దగ్గరి బంధువుల వ్యక్తిగత వివరాలు లైవ్‌లో వినపడకుండా చేయాలని కూడా ఉంది. మీ దగ్గర ఆ గొడవ భూమి కేసులోకి దొడ్డిదారిన వచ్చింది కాబట్టి ఎవరూ ఆపలేదు. ఇప్పటికైనా అడగవచ్చు. రాబోయే విచారణల్లో ఈ కేసును లైవ్‌లో చూపవద్దని అభ్యంతరం దాఖలు చేయవచ్చు, నిర్ణయం న్యాయమూర్తిది. అయితే దీనికో నష్టం ఉంది: లైవ్ ఆగితే ఊళ్లో కూర్చుని చూసే వీలు మీకూ పోతుంది, ప్రతి వాయిదాకూ వెళ్లాలి, లేదా వకీలు చెప్పిందే వినాలి. అంత దూరం వెళ్లకుండా, ఆ కుటుంబ విషయాన్ని పైకి చదవకుండా "ఫలానా పేజీ చూడండి" అని మాత్రమే అనాలని కోర్టును కోరవచ్చు. ఇది చిన్న కోరికే, న్యాయవాదులు రోజూ చేసే పనే. నాకు ఈ రెండోదే నచ్చింది. కోర్టు దగ్గరున్న పాత రికార్డింగులో ఆ భాగాన్ని ఎవరికీ ఇవ్వవద్దని కూడా మీ దరఖాస్తులోనే అడగండి. మీ రెండు కోరికలూ ఒకే కాగితంలో పడతాయి.

మీరు చివర్లో అడిగింది కేవలం మీ ఒక్కరి ప్రశ్న కాదు. 2018 సెప్టెంబరు 26న స్వప్నిల్ త్రిపాఠి కేసులో సుప్రీంకోర్టు లైవ్ ప్రసారాలకు తలుపు తెరిచింది. కోర్టులో ఏం జరుగుతోందో తెలుసుకోవడం న్యాయం అందడంలో భాగమేనని ఒప్పుకుంది. 2020 అక్టోబరులో గుజరాత్ హైకోర్టు మొదలుపెట్టింది. మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ ప్రధాన న్యాయమూర్తిగా పదవీ విరమణ చేసిన రోజున, 2022 ఆగస్టు 26న, సుప్రీంకోర్టు విచారణ మొదటిసారి లైవ్‌లో కనిపించింది. చూడటానికి తలుపు తెరిచారు, కానీ విన్నదాన్ని మళ్లీ వినే హక్కు దగ్గర ఆగిపోయారు. అమెరికా సుప్రీంకోర్టు 1955 నుంచి వాదనలను ధ్వని రూపంలో భద్రపరుస్తోంది, ఎవరైనా వెళ్లి వినవచ్చు. మన దగ్గర ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ ఎంత తేలిగ్గా దొరుకుతుందో, తన కేసులో వాదన ఆడియో కూడా కక్షిదారుకు అంతే తేలిగ్గా దొరకాలని నేను గట్టిగా నమ్ముతాను. పొలం పనుల్లో ఉండి లైవ్ చూడలేకపోయిన మనిషి ఏం పాపం చేశాడు?

కోర్టుల జంకుకు కారణం లేకపోలేదు. 2024 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టులో ఒక న్యాయమూర్తి అన్న మాటల క్లిప్పులు దేశమంతా తిరిగాయి. అక్కడి హైకోర్టు క్లిప్పుల వాడకాన్ని కట్టడి చేసింది. సుప్రీంకోర్టు తనంతట తానే విచారణ చేపట్టి, ఆ న్యాయమూర్తి విచారం తెలిపాక ముగించింది. అలా జరిగిందని తలుపులు మూసుకోవడం సరికాదని, ఇంకా వెలుగు రావాలని అప్పటి ప్రధాన న్యాయమూర్తి అన్నారు. ముక్కలు ముక్కలుగా తిరిగే క్లిప్పుల బెడద నిజమే. మీ చెల్లెలికి తగిలింది అదే గాయం. దానికి మందు, కక్షిదారుకు మొత్తం ఆడియో షరతులతో ఇచ్చి, వ్యక్తిగత విషయాలున్న చోట మాట వినపడకుండా చేయడం. మీకు ఓపిక ఉంటే, ఈ గొడవ సర్దుకున్నాక మీ హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్‌కు ఇదంతా ఒక లేఖ రాయండి. నిబంధనలు మార్చేది వాళ్లే, మీలాంటి వాళ్ల అనుభవం వాళ్ల దాకా వెళ్లాలి.

రేపు వకీలు ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఆర్డర్ కాపీ, ఫోటోలు, ఆ రోజు లైవ్‌లో విన్న మాటలు మీకు గుర్తున్నంతవరకు రాసిన కాగితం తీసుకెళ్లండి. ఎవరెవరు విన్నారో వాళ్ల పేర్లు కూడా రాయండి. సీనియర్ గారు మళ్లీ దొరక్కపోతే మెన్షన్ ఆగకూడదు, జూనియర్ కూడా చేయవచ్చు. ఇద్దరూ వారంలోగా కదలకపోతే వకీలును మార్చుకునే హక్కు మీకుంది. వకాలత్ మార్పుకు కాస్త సమయం పడుతుంది కాబట్టి ఆ నిర్ణయం మరీ ఆలస్యం చేయకండి. దరఖాస్తులో తన గురించి ఏ వాక్యం రాస్తున్నారో చెల్లెలికి ముందే చదివి వినిపించి, ఆమె సరేనన్నాకే సంతకం పెట్టండి. పిటిషనర్లలో ఆమె కూడా ఒకరు.